కల్పిత మరణము, నిజమైన దుఃఖము

1998 మొదలు ఇరువది యేండ్లు సోనీ టెలివిజనులో నడచి, 2024 డిసెంబరున మరల ఆరంభమైన 'సి.ఐ.డి.' అను నేరపరిశోధక ధారావాహికలో, శివాజీ సాటం ధరించిన ఏ.సి.పి. ప్రద్యుమన్ పాత్ర 2025 ఏప్రిలులో మరణించినట్లు చూపిరి. ప్రేక్షకులు మిక్కిలి దుఃఖించిరి, ఆగ్రహించిరి. తుదకు ఆ పాత్ర తిరిగి వచ్చెను. 1893లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును చంపినప్పుడును పాఠకులిట్లే కోపించిరి. 1903లో నాతడును తిరిగి వచ్చెను.

పర్చూరులో మిరపకాయల తొడిమలు తీయుచు ఆ కథ చూచిన యిల్లాలు కన్నీరు పెట్టుకొన్నచో, నవ్వువారు నవ్వుదురు. అది వెఱ్ఱి కాదని మా యభిప్రాయము. వారము వారము మన యింటికి వచ్చి దోషిని పట్టి యిచ్చినవాడు పోయినచో, న్యాయమే పోయినట్లు తోచును. అయితే ఆ యాగ్రహము కథతోనే తీరిపోరాదు. పొరుగింట దెబ్బలు తినుచున్న యాడుపడుచు పక్షమునను మనము నోరు విప్పవలెను. కథలోనివానిని రచయిత బ్రదికింపగలడు. ఆమెకు మనమే దిక్కు.