ఊరూ వాడా – 23: గిరాకీ ఎవరి జాగీరు?



"మీవోళ్లకు పైసలిచ్చినా యాపారం చేతగాదు" అనే మాట ఇబ్రహీంపట్నం చౌరస్తాలో చాయ్ తాగుతూ ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. 2021లో దళితబంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు. 2023 ఆగస్టులో మన జిల్లా చేవెళ్లలోనే సభ పెట్టి అంబేద్కర్ అభయహస్తం కింద 12 లక్షలు ఇస్తామన్నారు. ఎవరు ఎంత ఇచ్చారు, ఎందరికి ముట్టింది అనేది పెద్ద పంచాయితీ, అది వేరే రోజు పెట్టుకుందాం. ముట్టిన వాళ్ల సంగతే చూడండి. కారు తీసుకున్నారు, టెంట్ హౌస్ పెట్టుకున్నారు, సెంట్రింగ్ సామాను కొన్నారు. వస్తువు వచ్చింది. ఆ వస్తువు కావాలని పిలిచే మనిషి ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్న మీద మా దగ్గర ఒక్క అధికారి మా పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడగా నేను చూడలేదు.

తరాలుగా దుకాణాలున్న ఇంట్లో పుట్టిన పిల్లగాడు షట్టర్ ఎత్తేనాటికే సగం గిరాకీ సిద్ధంగా ఉంటుంది. మేనమామ హోల్‌సేల్‌లో ఉంటాడు. బాబాయి నెల రోజులు ఉద్దెర ఇస్తాడు. కులసంఘం భవనంలో పెళ్లి అయితే ఆర్డర్ ఇంకెక్కడికి పోతుంది? దాన్ని ఎవరూ రిజర్వేషన్ అనరు, "పరిచయాలు" అంటారు. మావాడికి ఉన్న పరిచయాలన్నీ మావాడలోనే, అక్కడ కొనేవాళ్ల జేబు కూడా వాడి జేబంతే.

నాకు మేనల్లుడి వరసయ్యే పిల్లగాడు ఒకడున్నాడు. ఐటీఐలో ఫ్రిజ్, ఏసీ మెకానిక్ చదివాడు. రెండేళ్లు సిటీలో ఒకాయన దగ్గర పని నేర్చుకుని ఊరికొచ్చాడు. షట్టర్ కిరాయికి స్తోమత లేదు, ఇల్లే దుకాణం, బైకే వర్క్‌షాపు. చేతిలో పని ఉంది. కానీ చుట్టుపక్కల ఊర్ల నుంచి ఏసీ పనికి పిలిచినవాళ్లు ఫ్రిజ్ పనికి పిలవలేదు. ఎందుకో నాకు మొదట తట్టలేదు, వాడే చెప్పాడు. "మామా, ఏసీ బయట గోడకు ఉంటది. ఫ్రిజ్ ఏడ ఉంటది? వంటింట్ల."

వాషింగ్ మెషిన్ బాత్రూం పక్కన ఉంటుంది, దానికి పిలుస్తారు. ఇన్వర్టర్ వరండాలో ఉంటుంది, దానికీ పిలుస్తారు. ఫ్రిజ్ దగ్గరికి వచ్చేసరికి "ఎవరోళ్లు మీరు?" అనే మాట పుడుతుంది. ఊర్లో అయితే అది కూడా పుట్టదు, అందరికీ ఎవరి ఇల్లు ఏ వాడలో ఉందో తెలుసు. ఇరవై కిలోమీటర్ల అవతలి నుంచి ఇంకొకడిని పిలిపించుకుని, పెట్రోల్ ఖర్చు కూడా ఇచ్చి పంపిస్తారు. అంటరానితనానికి ఎంత ఖర్చవుతుందో ఎవరైనా లెక్క కట్టాలి.

అదే సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ వైపు వెళ్లండి, ఆదిబట్ల వైపు తిరగండి. టీసీఎస్, విమానాల విడిభాగాల కంపెనీలు వచ్చాక కట్టిన అపార్టుమెంట్లు, గేటెడ్ కాలనీలు. వాటిలో ఉండేవాళ్లు ఖమ్మం నుంచి, కర్నూలు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు ఈ ఊరి వాడలు తెలియవు. ఫ్రిజ్ ఆగిపోతే పక్కింటిని అడగరు, ఫోన్ తీసి "ఫ్రిజ్ రిపేర్ నియర్ మీ" అని కొడతారు. ఆ తెర మీద మొదట కనబడే మూడు నాలుగు పేర్లలో ఒకదాన్ని నొక్కుతారు. ఊర్లో చిరునామా ముందు, పని తర్వాత. ఇక్కడ పని ముందు, చిరునామా తర్వాత. మనకు దొరికిన సందు అదే. అందుకే సెర్చ్ ప్రకటన అనేది మనకు పనికిరాని షోకు అనే వాళ్లతో నేను ఒప్పుకోను. వాళ్లకు పుట్టుకతో వచ్చిన పరిచయాన్ని మనం కొనుక్కోవాలి, అది కొనుక్కునే చోట్లలో ఇది ఒకటి.

అయితే అమ్మేవాడి తూకం తెలియకుండా కొనొద్దు. గూగుల్‌లో ఎవరైనా ఒక మాట కొట్టిన ప్రతిసారీ, దాని మీద ప్రకటన పెట్టినవాళ్ల మధ్య కంటికి కనబడని వేలంపాట జరుగుతుంది. బాలాపూర్ లడ్డూ వేలం మనందరికీ తెలుసు, 1994లో 450 రూపాయల దగ్గర మొదలై 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ ఎక్కువ పాడినవాడిదే లడ్డూ. గూగుల్ దగ్గర పైసలతో పాటు ఇంకోటి కూడా చూస్తారు: వెతికిన మాటకూ నీ ప్రకటనకూ పొత్తు కుదిరిందా, జనం దాన్ని నొక్కుతారా, నొక్కితే లోపల వాళ్లకు కావాల్సింది ఉందా అని. "ఆదిబట్లలో ఫ్రిజ్ రిపేర్, ఈ రోజే వస్తాం" అని సూటిగా రాసుకున్న చిన్నవాడు, అన్ని పనులూ చేస్తామని రాసిన పెద్ద కంపెనీ కంటే తక్కువ ధరకే పైకి రావచ్చు. కనబడినందుకు పైసలు లేవు, నొక్కినందుకే. ఇది విని మావాడు సంబరపడ్డాడు.

సంబరం ఒక నెల నిలవలేదు. ప్రకటన పెట్టిస్తామని సిటీలో ఒక డిజిటల్ ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారు, పేరెందుకులెండి. నెల తిరిగేసరికి బడ్జెట్ అయిపోయింది, వచ్చిన ఫోన్లు ఏమిటో తెలుసా? "అన్నా, ఫ్రిజ్ మెకానిక్ జాబ్ ఉందా?" "కోర్సు ఎన్ని నెలలు?" "సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ ఎంత?" ఇంకొకామె విజయవాడ నుంచి, "మా ఇంటికి ఎప్పుడొస్తారండీ?" అని. ఇబ్రహీంపట్నం పేరుతో విజయవాడ పక్కన, థర్మల్ కరెంటు స్టేషన్ దగ్గర ఒక ఊరుంది. జగిత్యాల జిల్లాలో ఇంకో మండలం ఉంది. ఆ ఊర్లో ఉన్నవాళ్లకే కాక ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా ప్రకటన చూపించమనే టిక్కు గూగుల్‌లో ముందే పెట్టి ఉంటుంది. తీసేయాల్సింది మనమే. ఆ ఆఫీసువాళ్లు తీయలేదు. రెండు వందల కిలోమీటర్ల అవతలి వంటింటికి మావాడి పైసలు కాలాయి.

కాబట్టి పిల్లలూ, ఈ నాలుగు మాటలు నోటుబుక్కులో రాసుకోండి. ఊరి పేరు ఒక్కటే నమ్ముకోవద్దు, మ్యాపులో మీ బైకు తిరిగే దూరం వరకే గీత గీసుకోండి. "ప్రెజెన్స్" అనే దాన్నే ఎంచుకోండి, అంటే అక్కడ నిజంగా ఉన్నవాళ్లకే. జాబ్స్, కోర్సు, సెకండ్ హ్యాండ్, ధర లాంటి మాటలను "నెగటివ్ కీవర్డ్స్" అనే జాబితాలో పెడితే ఆ మాటలతో వెతికినవాళ్లకు మీ ప్రకటన రాదు. రాత్రి పూట ఫోన్ ఎత్తని వాళ్లు రాత్రి పూట ప్రకటన ఆపేయండి. అన్నిటికంటే ముఖ్యం, ఖాతా మీ ఈమెయిల్ మీద ఉండాలి. ఏజెన్సీకి లోపలికి వచ్చే అనుమతి ఇవ్వండి, తాళం ఇవ్వొద్దు. మావాడు మానేస్తానన్న రోజు ఆ ఆఫీసు ఖాతాతో పాటు ఏ మాటకు ఎన్ని ఫోన్లు వచ్చాయనే లెక్కంతా తన దగ్గరే ఉంచేసుకుంది.

లెక్క కూడా చూడండి. అనుకోవడానికి అనుకుందాం, రోజుకు 200 బడ్జెట్, ఒక్కో నొక్కుకు 20. పది నొక్కులు. అందులో ఇద్దరు ఫోన్ చేస్తారు, ఒకరు రమ్మంటారు. 18 శాతం జీఎస్టీ కలిపితే ఆ ఒక్క గిరాకీకి 236 రూపాయలు. మీరు తీసుకునే కూలి 300 అయితే మిగిలేది 64, పెట్రోల్ ఇంకా పోయలేదు. పైగా రోజుకు 200 అని పెట్టినా ఒక్కో రోజు గూగుల్ 400 దాకా వాడుకోవచ్చు, నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు, అంటే 6,080 దాటదు. మొదటి పనిలో లాభం రాదు. ఆ మనిషి రెండోసారి గూగుల్‌ను అడగకుండా నేరుగా మీకు ఫోన్ చేస్తేనే లాభం. అందుకే పని అయ్యాక ఫ్రిజ్ పక్కన నంబరు స్టిక్కర్ అంటించి రండి, వాళ్ల నంబరు పేరుతో సహా సేవ్ చేసుకోండి, ఎండాకాలం మొదట్లో సర్వీసింగ్ కావాలా అని ఒక మెసేజ్ పెట్టండి. ఆ నంబర్ల పుస్తకమే మీ ఆస్తి. ప్రకటన కిరాయి ఇల్లు.

ఇక అసలు ముచ్చట. గూగుల్‌కు కులం లేదు అంటున్నారు కొందరు మన పిల్లలు. గూగుల్‌కు లేకపోవచ్చు, వెతికేవాడికి ఉంది. బ్రాహ్మిన్ క్యాటరర్స్ అని వెతుకుతారు, రెడ్డి మెస్ అని వెతుకుతారు. కులం వాళ్లకు బోర్డు మీద రుచి, శుభ్రత, నమ్మకం. ఖర్చు లేని ప్రకటన. మాల క్యాటరింగ్, మాదిగ మెస్ అని ఎవరైనా వెతికారా? అమెరికాలో లతాన్యా స్వీనీ అనే నల్లజాతి ప్రొఫెసర్ 2013లో అచ్చు వేసిన అధ్యయనం ఒకటుంది. నల్లవాళ్లకు ఎక్కువగా ఉండే పేర్లు వెతికితే, పక్కన "అరెస్టయ్యాడా?" అన్న తరహా ప్రకటనలు తెల్లవాళ్ల పేర్లకంటే ఎక్కువగా వస్తున్నాయని ఆమె చూపించారు. యంత్రం కొత్తది, దానికి మేత మాత్రం పాతదే. మన దగ్గర సుఖదేవ్ థొరాట్, పాల్ అటెవెల్ 2007లో చూపించిందీ ఆ కోవలోదే: ఒకే చదువు, ఒకే అర్హత, దరఖాస్తు మీద దళిత పేరుంటే ప్రైవేటు ఉద్యోగానికి పిలుపు తక్కువ.

తుర్కయాంజాల్ అపార్టుమెంటులో ఒకామె ఫ్రిజ్‌కు రమ్మంది. మావాడు దారిలో ఉండగా లొకేషన్ కోసం వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. వాడి ఫొటో స్థానంలో బాబాసాహెబ్ ఉంటాడు. అయిదు నిమిషాల్లో జవాబు: "మా ఆయన వేరేవాళ్లను పిలిచాడంట, వద్దు లెండి." నిజంగానే పిలిచి ఉండొచ్చు, ఒక్కసారైతే నేనూ అలాగే అనుకునేవాణ్ని. మూడోసారి కూడా ఆయనే పిలిచాడంటే? ఆ మూడు నొక్కులకూ పైసలు కట్టింది మావాడే. తన మీద జరిగిన వివక్షకు తానే బిల్లు కట్టి, దాని మీద 18 శాతం పన్ను కూడా కట్టినవాడు వాడు.

బాబాసాహెబ్‌కూ ఇదే జరిగింది. కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం చదివొచ్చిన మనిషి, 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరకముందు బొంబాయిలో పెట్టుబడుల సలహా వ్యాపారం పెట్టారు. ఆయన అంటరాని కులస్తుడని తెలిశాక గిరాకీ ఆగిపోయింది, వ్యాపారం మూతపడింది. ఆయనకు లెక్కలు రావనా?

ఫొటో మార్చాలా వద్దా అని మా దగ్గర పెద్ద చర్చే జరిగింది. సంఘం పెద్దలు కొందరు ఫొటో మార్చడం సంగతి అటుంచి, సర్వీసు పేరులోనే "జై భీమ్" పెట్టాలన్నారు. వాడు "సాగర్ రోడ్ కూలింగ్ సర్వీస్" అని పెట్టుకున్నాడు, వ్యాపారానికి వేరే నంబరు తీసుకుని దానికి స్పానర్ బొమ్మ పెట్టుకున్నాడు. నేను వాడి పక్కనే మాట్లాడాను. జై భీమ్ పెట్టమన్న పెద్దల్లో ఇద్దరు మొన్న ఎండాకాలం ఏసీ ఆగిపోతే కంపెనీ సర్వీసుకు ఫోన్ చేశారు, వీడికి కాదు. ఇరవై నాలుగేళ్ల పిల్లగాడు బతుకుదెరువు కోసం బైకెక్కి పోతుంటే, మన అందరి ఆత్మగౌరవం వాడి ఒక్కడి బోర్డు మీద రాయమనడం న్యాయం కాదు. ఆ బరువు ముందు మోయాల్సింది నెల జీతాలున్న మనలాంటి వాళ్లం. వాడి సొంత నంబరులో బాబాసాహెబ్ అట్లాగే ఉన్నాడు.

పైసలు పెట్టే ముందు ఉచితంగా దొరికేది వాడుకోండి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు రూపాయి అక్కర్లేదు. ఇంటికెళ్లి పనిచేసే వాళ్లు అడ్రస్ కనబడనీయకుండా, తిరిగే ప్రాంతాలు మాత్రమే పెట్టుకోవచ్చు. అది దాచుకోవడం కాదు, గిరాకీ మన చోటికి రాని వ్యాపారానికి గూగుల్ పెట్టిన నియమమే. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ అని అబద్ధం మాత్రం రాయొద్దు, ఆ పేరుతో మోసపోయినవాళ్లు బోలెడు మంది. పని నచ్చినవాళ్లను రివ్యూ అడగడానికి మొహమాటపడొద్దు. మనవాళ్లు పని బాగా చేసి, అడగకుండానే తల వంచుకుని వచ్చేస్తారు.

సర్కారుకు ఒకటే మాట. రేపు 12 లక్షలు ఇస్తారో, ఇంకో పేరుతో ఇంకో అంకె చెప్తారో, అందులో మొదటి ఆరు నెలలు గిరాకీ తెచ్చుకునే ఖర్చును యూనిట్ ధరలోనే కలపండి. బండి కొనడానికి డీలర్ కొటేషన్ అడుగుతున్నారు కదా, గిరాకీకి కూడా కొటేషన్ ఉంటుంది.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మన అంబేద్కర్ భవనంలో కూర్చుందాం. ఫోన్, ఛార్జర్, మీ పని ఫొటోలు నాలుగు, పని చేయించుకున్న పదిమంది నంబర్లు తెచ్చుకోండి. ప్రొఫైల్ మా మేనల్లుడే దగ్గరుండి చేయిస్తాడు, మధ్యాహ్నం దాకా ఉంటాడు, తర్వాత వాడికి ఆదిబట్లలో రెండు ఫ్రిజ్‌లున్నాయి.

జై భీమ్.