నమూనా వ్యాసం చూపుదాం, కానీ ఒక్కటే వద్దు



మన ఆదివారం తెలుగు తరగతి మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తోంది. వ్యాసం నేర్పేటప్పుడు పిల్లలకు నమూనా చూపాలా, వద్దా? చూపితే కాపీ కొడతారని కొందరి భయం. చూపాలనే మేమంటాము. అయితే ఒక్కటే చూపకూడదు.

తమిళ మాధ్యమంలో చదివి రైల్వేలో గుమాస్తాలుగా చేరిన మాలాంటివాళ్లకు ఆఫీసు ఉత్తరం రాయడం నేర్పింది పాత ఫైళ్లే. విషయం ఎక్కడ పెట్టారు, వెనకటి ఉత్తరం నంబరు ఎక్కడ వేశారు, అడగాల్సింది ఎలా అడిగారు అని చూసేవాళ్లం. నాలుగు ఫైళ్లు చూసినవాడికి ఏది మారేదో, ఏది మారనిదో తెలిసేది. ఒక్కటే చూసినవాడు పేరూ తేదీ మార్చి పంపేవాడు.

తెలుగు బడిలోనూ ఇదే జరిగింది. 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక గొప్ప పుస్తకం. తప్పు పుస్తకానిది కాదు. అలాంటి గ్రాంథికాన్నే బడి రాతకు ఏకైక అచ్చుగా పెట్టడంతో, ఇంట్లో మాట ఒకటి, పరీక్షలో రాత ఇంకొకటి అయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది దీనిమీదే. ఆగస్టు 29న ఆయన పటానికి దండవేసి, మర్నాడు పిల్లల చేతికి ఒకే గైడు వ్యాసం ఇస్తే ఏం లాభం?

బళ్లారిలో ఇది మరీ ముఖ్యం. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మన ఊరు మైసూరులో కలిసింది. మన పిల్లల్లో చాలామందికి బడి చదువు కన్నడంలోనో ఇంగ్లీషులోనో. తెలుగు వింటారు, చదవడం తక్కువ. నమూనా కూడా లేకపోతే దేన్ని చూసి రాస్తారు?

తుంగభద్ర మీద వ్యాసమనుకోండి. మూడు చూపుదాం. ఒకటి తేదీలూ లెక్కలతో. ఒకటి కాలువ నీటిమీద బతికే రైతు చెప్పినట్టు. మూడోది మన పిల్లల్లోనే ఒకరు రాసింది, తప్పులతో సహా, పేరు తీసేసి. మొదటి వాక్యం ఎందుకిలా పెట్టారు, ఏది తీసేసినా నష్టం లేదు అని అడుగుదాం. తర్వాత కాగితాలు వెనక్కి తీసుకుని, తమ ఇంటికి నీళ్లు ఎలా వస్తాయో రాయమందాం.

దీనికి ఒక వ్యాసానికి రెండు ఆదివారాలు పడతాయి. వ్యాసరచన పోటీలో ఈ ఏడు బహుమతులు తగ్గవచ్చు కూడా. తగ్గనీయండి. కంఠతా పట్టిన రెండు పేజీలకన్నా సొంతంగా రాసిన పది వాక్యాలు మేలు.

మీరేమంటారో చెప్పండి.