పనివాడికి పత్రం

సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల సందుల్లో తెలుగు మాట వినబడుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ ఏనాడో స్థిరపడినాయి. నగరపాలక సంస్థ వారి పిల్లల కోసం తెలుగు మాధ్యమంలో సైతం పాఠశాలలు నడిపింది. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు అక్కడ పని కోసం దరఖాస్తు పెట్టుకోవడం అరుదు. మేనమామో, బావో కార్ఖానాకు వెంటబెట్టుకొని వెళ్తాడు. తెగిన పోగు అతకడం, నాడెలో కండె మార్చడం కొన్నాళ్లు పక్కన నిలబెట్టుకొని నేర్పుతాడు. సిరిసిల్లలో సాంచా అని పిలిచే ఆ మరమగ్గమే అతనికి బడి. కూలి మీటరు లెక్కన ముడుతుంది.

ఇరవై ఏళ్లు గడిచినా అతని వద్ద ఉండేది చేతిపనే కాని, దానిని రుజువు చేసే కాగితం కాదు. పని సాగినంత కాలం ఆ లోటు కానరాదు. యజమాని పాత మగ్గాలను తుక్కు కింద అమ్మివేసి వాటర్‌జెట్ మగ్గాలు దించిననాడు అది బయటపడుతుంది. ఈ కొత్త మగ్గంలో నాడె లేదు. సన్నని నీటిధార పేకను పడుగు గుండా ఆవలి అంచుకు చేరవేస్తుంది. నీరు పీల్చని పాలిస్టర్ పోగుకు ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది, సూరత్ నేసేది ఎక్కువగా అటువంటి గుడ్డే. వేగం హెచ్చు, కావలసిన చేతులు తక్కువ. నలభై దాటిన నేతగాడు ఇక ఎవరి తలుపు తట్టాలి?

ఉపాధి కల్పనా కార్యాలయం ఉన్నది కదా అనవచ్చు. ఈ కార్యాలయాలు మన దేశంలో 1945లో పుట్టినాయి. రెండవ ప్రపంచ యుద్ధం ముగింపుకు వచ్చిన వేళ, సైన్యం నుంచి ఇళ్లకు మరలే సిపాయిలకు పని చూపడం వాటి తొలి బాధ్యత. దేశ విభజన తరువాత కాందిశీకులకు, 1948 నాటికి ఎల్లరికీ అవి తలుపులు తెరిచినాయి. అంటే వాటి గుమ్మం ముందు మొదట నిలిచినవారు ఏదో ఒక పని చేసి వచ్చిన పెద్దవారే. ఈ సంగతి తరువాతి కాలంలో ఎందుకో మరుగున పడిపోయింది. ధ్రువపత్రాలు చేతబట్టుకొన్న యువకులతో ఆ వరుసలు నిండి, ఉపాధి కార్యాలయమంటే సర్కారీ కొలువుకై నిరీక్షణ అనే అర్థం స్థిరపడింది.

1959 నాటి చట్టం 25 మంది, అంతకు మించి పనివారున్న ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలపాలన్నది. తెలిపితే చాలు, అక్కడి జాబితా నుంచే మనిషిని తీసుకోవాలన్న నిర్బంధం లేదు. కొద్ది మందితో నడిచే మగ్గాల షెడ్డుకు ఆ తెలపడం కూడా అక్కరలేదు. 1950లో మొదలైన పారిశ్రామిక శిక్షణ పథకమా, బడి విడిచిన పిల్లలను దృష్టిలో పెట్టుకొన్నది. ఏడాదో, రెండేళ్లో కూలి మానుకొని తరగతిలో కూర్చుంటే సంసారి ఇంట పొయ్యి వెలిగేదెట్లా?

కొత్త యంత్రాలు కొనే యజమానులకు వడ్డీ భారం తగ్గించే కేంద్ర పథకం 1999లోనే వచ్చింది. అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి పత్రమిచ్చే పద్ధతి దేశవ్యాప్తంగా ఊపందుకొన్నది 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ఆరంభమైన తరువాతనే. యంత్రం తరువాత మనిషి గుర్తుకు రావడానికి పదహారేళ్లు పట్టింది. పరీక్షలో నెగ్గినవారికి 500 రూపాయల బహుమానం కూడా పెట్టినారు. పత్రం మంచిదే. కాని బంధువు చెప్పిన మాట మీద మనిషిని పనిలో పెట్టుకొనే సేఠ్ ఆ పత్రాన్ని అడిగితేనే కదా దానికి విలువ! పైగా నాడె మగ్గం తెలుసునని ఎంత గట్టిగా ధ్రువపరిచినా, అది నీటిధార మగ్గం నేర్పదు.

ఇదే నగరంలో మరొక తీరు కూడా నడిచింది. 2008లో ప్రపంచ మాంద్యం దెబ్బకు వజ్రాలు సానపట్టే కార్ఖానాలు వరుసగా మూతబడినాయి. పని పోయినవారి కోసం మరుసటి ఏడు గుజరాత్ ప్రభుత్వం ‘రత్నదీప్’ అనే శిక్షణ పథకం చేపట్టి, నేర్చుకొనే రోజులకు భత్యం ఏర్పాటు చేసింది. వజ్రాల వారికి దొరికిన ఆ భత్యమే, అది ఎంత స్వల్పమైనా, మగ్గం నేతగాడికి అసలు కావలసినది. దానితోపాటు షిఫ్టు ముగిసిన తరువాత, లింబాయత్ దాపునే, అతనికి తెలిసిన భాషలో, నిజమైన వాటర్‌జెట్ మగ్గం మీద కొన్ని వారాల పాఠం.

అంతవరకు పాఠం షెడ్డులోనే సాగుతుంది. కొత్త మగ్గం ముందుగా పట్టుబడినది కుర్రవాళ్లకు. ఒకనాడు చేయి పట్టుకొని పోగు అతకడం నేర్పిన మేనమామ, ఇప్పుడు అల్లుడి పక్కన నిలబడి నీటిధార ఒత్తిడి సరిచేయడం చూస్తున్నాడు. కూలి మాత్రం అల్లుడి లెక్కలో పడుతుంది.