అతిథులకు ఒక్క రోజులో ఏం చూపిద్దాం?

శిక్షణ తరగతులకని విదేశాల నుంచి అనంతపురం వచ్చేవారికి మధ్యలో ఒక రోజు సెలవు దొరుకుతుంది. "ఈ కరువు సీమలో చూడ్డానికేముందిలే" అని చిన్నబుచ్చుకోకండి.

ఎండ ముదరకముందే లేపాక్షి చేరండి. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూడ్డంతో సరిపెట్టకుండా పైకప్పు చూపించండి. 16వ శతాబ్దపు ఆ రంగుల బొమ్మల్లోని చీరల అంచులు చూస్తే మనకే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు!

తిరుగుదారిలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆగండి. మేకతోలును గీకి పలచన చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది తోలుబొమ్మలు చేస్తారు. ఈ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాటలకు పిలుపులు తగ్గాక ఇక్కడివారు దీపాల షేడ్లు కూడా చేస్తున్నారు. వాన నమ్మించి మోసం చేసే ఈ నేల మీద ఆ పనే వాళ్లకు కూడు పెడుతోంది. అందుకే కొనేదేదో వాళ్లింట్లోనే కొనిపించండి, గీచి బేరమాడకండి.

దారికి జొన్నరొట్టెలు, కారం తగ్గించిన చెనక్కాయల పొడి, కాచి చల్లార్చిన నీళ్లు కట్టివ్వండి. ఆ రోజుకు ఈ రెండూళ్లు చాలు. పది చోట్లకు పరుగెత్తిస్తే వాళ్లకు అలసటే గుర్తుంటుంది, మన ఊళ్లు కాదు.