పామ్‌పామ్‌ల కన్నా ముందు మ్యాట్లు

అమెరికాలోని ఒక హైస్కూల్లో కొత్తగా చీర్‌లీడింగ్ జట్టు పెట్టాలంటే ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది: అది సరదా క్లబ్బా, క్రీడా జట్టా? క్లబ్బు అనుకున్న చోట తీరిక ఉన్న టీచరు ఎవరో ఒకరు కోచ్ అయిపోతారు, సాధన వరండాలో సాగుతుంది, చేతికొచ్చిన డబ్బంతా యూనిఫామ్‌లకు పోతుంది. క్రీడా జట్టు అనుకున్న చోట అథ్లెటిక్ డైరెక్టర్ అజమాయిషీ, శిక్షణ పొందిన కోచ్, నేలమీద మ్యాట్లు, పిలిస్తే పలికే దూరంలో గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్ ఉంటారు. ఈ రెండోది కుదరని బడి జట్టు పెట్టకపోవడమే మంచిది.

2008లో ఐపీఎల్ మొదలైనప్పటి నుంచి తెలుగు ప్రేక్షకులకు చీర్‌లీడర్ అంటే బౌండరీ పక్కన స్టెప్పులేసే అమ్మాయి. డాలస్ శివార్లలో, ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్ళలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కనిపించేది వేరు. అక్కడ శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ మైదానం అంచున ముగ్గురు పిల్లలు కలిసి నాలుగో పిల్లను గాల్లోకెత్తి నిలబెడతారు.

ఈ విద్య అక్కడి దాకా అంచెలంచెలుగా వచ్చింది. 1898 నవంబర్ 2న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి ప్రేక్షకుల ముందు నిలబడి నినాదాలు పలికించాడు. అప్పట్లో కావలసింది గొంతు ఒక్కటే. ఆ విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు చోటు దొరికింది 1923లో. 1948లో లారెన్స్ హెర్కిమర్ టెక్సస్‌లోని హంట్స్‌విల్‌లో శిబిరం పెడితే 52 మంది అమ్మాయిలు, ఒకే ఒక్క అబ్బాయి వచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో పిల్లిమొగ్గలు, ఎత్తడాలు, గాల్లోకి విసరడాలు చేరి, గొంతుతో అయ్యే పని కాస్తా ఒళ్ళు పణంగా పెట్టే పని అయింది.

ఎంత పణమో పిల్లల వైద్యులే చెప్పారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో వెలువరించిన ప్రకటన ప్రకారం చీర్‌లీడింగ్‌లో మొత్తం గాయాల రేటు ఇతర ఆటలతో పోలిస్తే తక్కువే. కానీ ప్రాణం తీసేవి, మెడకో తలకో తగిలి జీవితాంతం మిగిలిపోయేవి వేరే లెక్క. ఆ ప్రకటన లెక్కల్లో, 1982 నుంచి హైస్కూలు అమ్మాయిలకు ఆటల్లో నేరుగా తగిలిన అలాంటి గాయాల్లో దాదాపు 65 శాతం ఇందులోనే జరిగాయి. అన్ని రాష్ట్రాలూ దీన్ని క్రీడగా గుర్తించాలని ఆ సంస్థ కోరడానికి కారణం ఇదే. కోర్టుల్లో ఈ వాదన మరో రకంగా నడిచింది. క్విన్నిపియాక్ విశ్వవిద్యాలయం కేసులో 2010లో ఫెడరల్ జడ్జి, మహిళల క్రీడావకాశాల లెక్కలోకి చీర్‌లీడింగ్‌ను తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు కళాశాలల పద్దులకు సంబంధించింది. పదిహేనేళ్ళ పిల్ల మెడను కాపాడే బాధ్యత నుంచి అది ఏ బడినీ తప్పించదు.

కాబట్టి మొదటి నియామకం కోచ్‌ది. ఒకప్పుడు తాను చీర్‌లీడర్‌నన్న అర్హత చాలదు. హైస్కూలు సంఘాల జాతీయ సమాఖ్య వెలువరించే నియమావళి చదివి, భద్రతా కోర్సు పూర్తిచేసి, ప్రథమ చికిత్స, సీపీఆర్ నేర్చుకున్నవారు కావాలి. ప్రమాదం జరిగితే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసేదెవరో, అంబులెన్స్ ఏ గేటు నుంచి రావాలో, ఆ గేటు తాళం ఎవరి దగ్గరుందో మొదటి సాధనకు ముందే కాగితం మీద ఉండాలి. ప్రతి పిల్లకూ డాక్టరు పరీక్ష తప్పనిసరి.

ఎంపికలు సాధారణంగా వసంతకాలంలో జరుగుతాయి. కొన్ని రోజులు అందరికీ ఒకే నృత్యం, ఒకే నినాదం నేర్పి చివరి రోజున పరీక్షిస్తారు. న్యాయనిర్ణేతలు బయటివాళ్ళై ఉండాలి, పిల్లల చొక్కాలకు పేర్ల బదులు అంకెలుండాలి, మార్కుల పత్రాలు దాచిపెట్టాలి. ఇది అనవసరపు పట్టింపు కాదు. టెక్సస్‌లోని క్రిస్టల్ సిటీ హైస్కూల్లో ఎక్కువమంది మెక్సికన్ అమెరికన్ పిల్లలే అయినా, చీర్‌లీడర్లలో వాళ్ళకు దక్కే చోటు మాత్రం అప్పట్లో అరకొరే. ఆ అన్యాయం మీద 1969 డిసెంబరులో పిల్లలు తరగతులు విడిచి బయటికొచ్చారు. స్కూలు బోర్డు దిగొచ్చింది. ఆ ఊపులోనే లా రాసా ఉనీదా అనే రాజకీయ పార్టీ నిలదొక్కుకుంది.

స్టంట్లు నేర్పడంలోనే కోచ్ పనితనం బయటపడుతుంది. మొదటి వారాల్లో ఎత్తడం జోలికే పోకూడదు. దూకడం, దిగడం, మోకాళ్ళు వంచి బరువు ఆపుకోవడం చాలు. తర్వాత తొడమీద నిలబడటం, ఆ తర్వాతే భుజాల ఎత్తు. అక్కడ కింద నుంచి ఎత్తే ఇద్దరు బేస్‌లు ఎదురెదురుగా నిలబడి పైపిల్ల, అంటే ఫ్లయర్, పాదాలను వేళ్ళ కింద ఒక చేత్తో, మడమ కింద మరో చేత్తో పట్టుకుంటారు. వెనక నిలబడే స్పాటర్ చీలమండలు పట్టుకుని పైకి చూస్తూనే ఉంటుంది, కన్ను పక్కకు తిప్పదు. ఫ్లయర్ మోకాళ్ళు బిగించి ముందుకే చూడాలి. కిందికి చూసిందా, నడుము వంగి బరువంతా ఒకవైపుకు ఒరుగుతుంది. పట్టు తప్పినప్పుడు స్పాటర్ కాపాడాల్సింది తలను, భుజాలను. ఈ ఒక్క ఎత్తు పదే పదే నిలకడగా వచ్చేదాకా తర్వాతిది మొదలుపెట్టకూడదు. హైస్కూల్లో పిరమిడ్ ఇద్దరి ఎత్తు దాటకూడదు. బాస్కెట్‌బాల్ కోర్టు చెక్కనేల మీద పిల్లను గాల్లోకి విసరడం నిషిద్ధం.

డబ్బు సంగతి మొహమాటం లేకుండా తేల్చుకోవాలి. యూనిఫామ్, బూట్లు, వేసవి శిబిరం కలిస్తే తల్లిదండ్రులకు భారమే. జట్టుకు అండగా ఉండే బూస్టర్ క్లబ్బులు కార్లు కడిగి, కేకులు అమ్మి కొంత కూడగడతాయి. యూనిఫామ్‌లు బడే కొని, సీజన్ అయ్యాక తిరిగి తీసుకుంటే పేదింటి పిల్ల వెనకడుగు వేయదు. మొదటి ఏడాది డబ్బు సరిపోకపోతే మామూలు టీషర్టులతో మైదానంలోకి రావచ్చు. మ్యాట్లకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు.

నియమాలు రాతపూర్వకంగా ఉండి, పిల్లలూ తల్లిదండ్రులూ సంతకం చేయాలి. హాజరు, మార్కులు, ప్రవర్తన అన్నీ అందులో ఉండాలి. ఆ రాతకూ హద్దుంది. పెన్సిల్వేనియాలో మహనోయ్ జిల్లా బడి, పెద్ద జట్టులో చోటు రాని కోపంతో విద్యార్థిని బడి బయట స్నాప్‌చాట్‌లో రాసిన మాటలకు ఆమెను ఏడాదిపాటు చిన్న జట్టు నుంచి తప్పించింది. ఆ శిక్ష చెల్లదని 2021లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో తేల్చింది.

శరదృతువులో ఫుట్‌బాల్, చలికాలంలో బాస్కెట్‌బాల్‌తో ఏడాది గడుస్తుంది. అబ్బాయిల ఆటలకే వెళ్ళి అమ్మాయిల బాస్కెట్‌బాల్‌కు మొహం చాటేయడం చదువులో లింగవివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం స్ఫూర్తికి విరుద్ధం. షెడ్యూలు వేసేటప్పుడే రెండింటికీ సమానంగా రోజులు కేటాయించాలి. పోటీల సంగతి మొదటి ఏడాది మరిచిపోవడమే మేలు. ఓర్లాండోలో జరిగే జాతీయ పోటీల మీద పిల్లలు మనసు పడటం సహజమే గానీ, అక్కడ గెలిపించే స్టంట్లు ఏళ్ళ సాధనతో వచ్చేవి. సీజన్ చివర కోచ్, ట్రైనర్ కలిసి ఏడాదిలో గాయాలు రాసుకున్న పుస్తకం ముందు పెట్టుకుని, ఏ స్టంట్ దగ్గర ఎవరికి దెబ్బ తగిలిందో చూసి, వచ్చే ఏడాది పాఠక్రమాన్ని దాన్నిబట్టి సరిదిద్దాలి.