యోగమార్గములు: పోరా, పొత్తా?

చార్మినారునుండి హుస్సేనీ ఆలము వైపు నడచువారికి, ఎత్తైన స్తంభములతో పాశ్చాత్య శిల్పరీతిలో నిర్మింపబడిన ఖుర్షీద్ జా దేవిడీ కనిపించును. పాయిగా వంశీయుడును, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానునకు బావయునైన సర్ ఖుర్షీద్ జా పేర వెలసిన భవనమది. యోగమార్గములకు ఒకదానితో నొకదానికి గల సంబంధమెట్టిదని విచారించువారు ఈ నవాబును ఒకసారి తలచుకొనుట మంచిది.

1893 ఫిబ్రవరిలో స్వామి వివేకానందుడు హైదరాబాదునకు వచ్చెను. అప్పటికాయన ముప్పది యేండ్ల యువకుడు. చికాగో సర్వమత మహాసభకు ఇంకను ఏడు నెలల గడువున్నది. ఫిబ్రవరి 13వ తేదీన సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాలలో ఆయన చేసిన ఉపన్యాసము సుప్రసిద్ధము. దానికి ముందు ఖుర్షీద్ జా ప్రాసాదమున జరిగిన సంభాషణను ఎరిగినవారు తక్కువ. హిందూ, క్రైస్తవ, ఇస్లాము మతములను గూర్చి వారిరువురును దాదాపు రెండు గంటలు ముచ్చటించిరి. ఆ సంభాషణలో సగుణేశ్వర భావమును నవాబు అంగీకరింపలేదు. గుణరూపములకు అతీతమైన తత్త్వమే ఆయనకు సమ్మతము. అద్వైతియైన సన్న్యాసియో, సగుణభావము మానవునకేల అవసరమో వివరించెను. జ్ఞానపక్షమున నవాబును, భక్తిపక్షమున వేదాంతియు నిలిచిరన్నమాట! ఎవరు ఏ మార్గమునకు చెందినవారో వారి వేషమును బట్టియు, పుట్టుకను బట్టియు నిర్ణయింపరాదని చెప్పుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

కాని పాఠశాలలలో నేడు జరుగుచున్నది వేరు. కర్మ, భక్తి, రాజ, జ్ఞాన యోగములని నాలుగు పేర్లు విద్యార్థులచే వల్లె వేయింతురు. క్రియాశీలునకు కర్మ, భావుకునకు భక్తి, ధ్యానశీలునకు రాజయోగము, తార్కికునకు జ్ఞానమని పంపకము చేసి పాఠము ముగింతురు. స్వభావభేదమును గుర్తించుట తప్పు కాదు. స్వభావము పేర మనుజులను నాలుగు గదులలో బంధించుటయే తప్పు. ఈ నాలుగింటి జాబితాను లోకమునకు సుపరిచితము గావించినవి 1895, 1896 సంవత్సరములలో వివేకానందుడు న్యూయార్కు నగరమున చేసిన ఉపన్యాసములు. అయితే ‘రాజయోగము’ అను గ్రంథపు ఆరంభముననే ఆయన, వీనిలో ఒకదానిచేతగాని, కొన్నిటిచేతగాని, అన్నిటిచేతగాని గమ్యమును చేరవచ్చునని స్పష్టపరచెను. గురువు తెరచియుంచిన తలుపును శిష్యులు మూయుట న్యాయమా?

నాలుగను సంఖ్యయు శాశ్వతమైనది కాదు. శివసంహిత వంటి మధ్యయుగ గ్రంథములలో నాలుగు యోగములనగా మంత్ర, లయ, హఠ, రాజ యోగములు. ‘హఠయోగప్రదీపిక’ను రచించిన స్వాత్మారాముడు హఠమును రాజయోగమునకు ఎక్కించు నిచ్చెనగా భావించెను. పతంజలి యోగసూత్రములలో రెండవ పాదమును తెరచినంతనే క్రియాయోగము కనిపించును. తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను మూడును కలిసినదే క్రియాయోగము. కర్మకును, జ్ఞానమునకును, భక్తికిని సన్నిహితములైన మూడు సాధనములను ఆ ముని ఒకే సూత్రమున ముడివేసెను. సాంఖ్యమును యోగమును వేరని పలుకువారు పండితులు గారని గీత అయిదవ అధ్యాయము హెచ్చరించుచున్నది. తెలుగువారికి ప్రాణప్రదమైన పోతన భాగవతమున, తృతీయ స్కంధములో, కపిలుడు తల్లియైన దేవహూతికి భక్తిని, సాంఖ్యమును, అష్టాంగయోగమును కలిపియే ఉపదేశించెను. తల్లికి బోధించు కుమారుడు ఏది దాచును? ఏది విడుచును?

ఇట్లనుటచే మార్గములన్నియు ఒకటే యని చేతులు దులుపుకొనరాదు. అది సులభమైన మాటయేగాని నిజమైన మాట కాదు. శంకరులు కర్మను చిత్తశుద్ధికి సాధనముగా గ్రహించి, మోక్షమునకు జ్ఞానమే సాక్షాత్కారణమనిరి. రామానుజులు కర్మజ్ఞానములు రెండును భక్తికి అంగములని నిరూపించిరి. ఈ భేదము శతాబ్దులుగా పండితులను వాదింపజేసినది. దానిని నవ్వుతో కప్పిపుచ్చుట ఆ మహనీయులకు గౌరవము కాదు. కాని జాగ్రత్తగా పరిశీలించినచో, వారి వాదము ఏది ముందు, ఏది వెనుక, ఏది అంగము, ఏది ప్రధానము అను క్రమమును గూర్చియే నడచినది. కర్మను గాని, భక్తిని గాని, జ్ఞానమును గాని వ్యర్థమని బయటికి త్రోయుటకు వారిలో నెవరును సాహసింపలేదు. పదునారవ శతాబ్దపు అద్వైతియైన మధుసూదన సరస్వతి గీతను కర్మ, భక్తి, జ్ఞానములను మూడు షట్కములుగా విభజించియు, తాను కృష్ణభక్తుడుగనే నిలిచెను.

మరి వీని పరస్పరసంబంధమేమి? ఒక మార్గపు దోషమునకు మరియొక మార్గము మందు. అదియే వీని పొత్తు. వివేకము లేని భక్తి పరమతద్వేషమగును. భక్తి లేని జ్ఞానము శుష్కవాదమగును. నిష్కామబుద్ధి లేని కర్మ కీర్తికై ప్రాకులాడును. ఈ మూడింటి తోడు లేని చిత్తనిగ్రహము ప్రదర్శనకు దిగును.

ఈ చివరి మాటకును హైదరాబాదే సాక్షి. ఈ నగరమున తాను చూచిన యొక బ్రాహ్మణుని కథను వివేకానందుడు 1900 జనవరిలో లాస్ ఏంజెలెస్ సభలో వినిపించెను. ఎచటినుండియో వస్తువులను రప్పించునని ఆతనికి ప్రసిద్ధి. స్వామి ఆతనిని కలిసినప్పుడు ఆతడు జ్వరపీడితుడై, తన తలపై చేయి యుంచుమని స్వామిని వేడుకొనెను. కోలుకొనిన పిమ్మట వచ్చి, గోచిమాత్రముతో కంబళి కప్పుకొని కూర్చుండి, ఇరువదియైదు జతల కన్నులు చూచుచుండగా ద్రాక్షపండ్లు, నారింజపండ్లు, వేడి అన్నము, మంచుబిందువులతో గులాబీలు వెలికితీసెనట. అడుగగా, ఇదంతయు హస్తలాఘవమే యని ఆతడే చెప్పెనట. అది హస్తలాఘవమో, మనశ్శక్తియో తేల్చుట ఇచట ప్రధానము గాదు. ఇతరులకు ద్రాక్షపండ్లు రప్పింపగలిగినవాడు తన జ్వరమునకు మరియొకని చేతిని వెదకికొనెను! సిద్ధులు సమాధికి విఘ్నములని పతంజలి విభూతిపాదముననే ఏల చెప్పెనో ఈ కథ విన్నవారికి వేరుగా వివరింప నక్కరలేదు.

2015 నుండి ప్రతి సంవత్సరము జూన్ 21వ తేదీన అంతర్జాతీయ యోగదినోత్సవము జరుగుచున్నది. ఆనాడు పాఠశాలల ఆవరణలలో పిల్లలు చాపలు పరచుకొని ఆసనములు వేయుట కన్నులపండువే, దేహారోగ్యమునకు మేలే. కాని పతంజలి సూత్రములు 195 కాగా, ఆసనమును గూర్చినవి మూడు మాత్రమే. ఆనాడు ఆసనములు వేయించు ఉపాధ్యాయుడు, అహింసాసత్యములు మొదలగు యమములు ఆసనమునకు ముందే ఏల పేర్కొనబడినవో ఒక్క నిమిషము చెప్పినచో యోగము వ్యాయామముగా మాత్రమే మిగిలిపోదు. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. లెక్కలలో చురుకైన బాలునకు జ్ఞానమని, వెనుకబడిన బాలునకు బెంచీలు మోయు కర్మయోగమని పంచిపెట్టు ఉపాధ్యాయుడు యోగమును బోధించుట లేదు. పక్షపాతమునకు శాస్త్రపు ముసుగు తొడుగుచున్నాడు. చురుకైనవానికి సేవయు, సేవ చేయువానికి విచారణయు, ఇరువురకును మౌనమున కొంతసేపు కూర్చుండు నలవాటును నేర్పుటయే మార్గముల పొత్తును పిల్లల అనుభవమునకు తెచ్చుట.

ఖుర్షీద్ జా ప్రాసాదమున ఆనాటి సంభాషణ ముగిసిన తీరు ఇచట స్మరణీయము. సగుణభావమును ఒప్పుకొనని ఆ నవాబు, పాశ్చాత్యదేశములకు పోనున్న ఆ సన్న్యాసికి సాయముగా వేయి రూపాయలీయ సిద్ధపడెను. స్వామి అప్పటికి వలదని, అవసరము కలిగినపుడు అడిగెదననెను. జ్ఞానపక్షమును భక్తిపక్షమును వాదమున ఎదురెదురుగా నిలిచినవి. చేయి చాచుటలో కర్మ వానిని కలిపినది.