డొంకరాయి: కదలిన యెల్లలు, కదలని జనులు

ఈ మాసమున మేము ముచ్చటింపబోవునది తూర్పుకనుమల నడుమ సీలేటి చెంతనున్న డొంకరాయిని గూర్చి. ఈ కొండలయందు కొండరెడ్లు, కోయలు మొదలగు గిరిజనులు నివసింతురు. కొండరెడ్ల నుడి తెనుగే. కోయభాషయు మన భాషకు జ్ఞాతియే. పోడుచేను, చింతపండు, తేనె, అడ్డాకు వారి బ్రదుకుదెరువులు.

సీలేరు దిగువను శబరిలో గలియును. శబరి కూనవరముకడ గోదావరిని జేరును. పూర్వ మీ యేటి కిరుప్రక్కలను చెన్నపురి రాజధాని పాలనయే యుండెను. 1879 నాటి రంప పితూరీ మల్కనగిరి కొండలకును వ్యాపించెను. 1936 ఏప్రిల్ 1వ తేదీని ఒరిస్సా రాష్ట్ర మేర్పడి జయపురపు సీమ యందు జేరగా, సీలేరు చాలదూరము రెండు రాష్ట్రములకు నెల్ల యయ్యెను. కోయలు రెండు గట్లనుండియు కదలలేదు.

పొరుగుననున్న మోతుగూడెపు ప్రాంతము భద్రాచలము తాలూకాతో గూడ 1959లో ఖమ్మము జిల్లాకు బోయెను. రాష్ట్రవిభజన జరిగిన 2014లో తూర్పుగోదావరి జిల్లాకు మరల వచ్చెను. డొంకరాయి 2022లో తూర్పుగోదావరి జిల్లాను విడిచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో జేరెను. ఇన్ని మార్పులలో నొక్కరును గడప దాటలేదు. కాని జిల్లా మారినప్పుడు కచ్చేరీ త్రోవయు మారును. పట్టాకొఱకో పత్రముకొఱకో చంకబిడ్డతో నా క్రొత్త త్రోవ బట్టవలసినవారిలో తల్లులును గలరు.

డొంకరాయి జలాశయపు నీరు కాలువ వెంట బోయి పొల్లూరు విద్యుత్కేంద్రమున యంత్రములను ద్రిప్పును. అచ్చట 1976-78 నడుమ 115 మెగావాట్ల యంత్రములు నాలుగు నెలకొల్పబడెను. మన యింట వెలుగు దీపములకు నా కొండనీరును దోడ్పడుచున్నది. అట్టి నీరొసగిన సీమలోని వారికి భూమియైన నిలువవలదా?

ఇందుకు రెండు శాసనములు గలవు. 1970 నాటి మొదటి నిబంధన, అనగా జనులు 1/70 అనునది, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు బదలాయింపరాదనును. 2006 నాటి అటవీహక్కుల చట్టము వివాహితులకిచ్చు పట్టాను భార్యాభర్త లిరువురి పేరను వ్రాయవలెనని విధించును. మన పల్లపు సీమలో ఎందరిల్లాండ్రకు పొలము పత్రమున పేరున్నది? కొండసోదరి యేమియు నెఱుగదని తలచువారు ఈ సంగతి యోచింతురు గాక. ఆ సీమకు ఉపాధ్యాయినులుగనో, వైద్యసేవకో పోవు మన బిడ్డలు పట్టాలో పేరున్నదా యని యచ్చటి తల్లులను దప్పక యడుగవలెనని మా మనవి.